హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్: వైభవం, పతనం, ఆ తర్వాత

బొంబాయిలో ఏటా జరిగే రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు హైదరాబాద్‌కే వచ్చింది. 1891లో మొదలైన ఆ పోటీని 1937లో బెంగళూరు ముస్లిమ్స్ గెలిచేదాకా భారతీయ జట్టేదీ గెలవలేకపోయింది. బ్రిటిష్ పటాలాల చేతుల్లో అన్నేళ్లు ఉన్న కప్పును ఐదుసార్లు వెంటవెంటనే గెలిచింది వేలాది సభ్యులున్న కలకత్తా క్లబ్బు కాదు, మిల్లు యజమానులు పోషించిన జట్టూ కాదు. హైదరాబాద్ నగర పోలీస్ శాఖ జట్టు అది. జీతం పోలీస్ శాఖది, ఆట నేర్పింది ఒక బడిపంతులు, ఆటగాళ్లు బస్తీల పిల్లలు.

అదే జట్టు 1950, 1954, 1957, 1961 సంవత్సరాల డ్యూరాండ్ కప్పులు కూడా గెలిచింది. చివరిసారి గెలిచేనాటికి రాష్ట్రాల పునర్విభజన జరిగిపోయి, దాని పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది. 1962లో రోవర్స్ కప్పును ఈస్ట్ బెంగాల్‌తో కలిసి పంచుకుంది. ఆ దశాబ్దం ముగిసేలోపే పెద్ద కప్పుల జాబితాల నుంచి ఆ పేరు దాదాపు మాయమైంది. ఒక గొప్ప జట్టు ఓడిపోవడం మొదలుపెట్టడం వింతేమీ కాదు. దాని స్థానంలో అరవై ఏళ్లుగా మరొకటి నిలబడకపోవడమే ఈ కథలో ఆలోచించాల్సిన విషయం.

ఆట ఎక్కడ పుట్టింది

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ సికింద్రాబాద్ కంటోన్మెంట్ నుంచి వచ్చింది. బొల్లారం, తిరుమలగిరి వైపు మకాం వేసిన బ్రిటిష్ రెజిమెంట్ల ఆట చూసి చుట్టుపక్కల పిల్లలు నేర్చుకున్నారు. లాలాగూడ రైల్వే కాలనీలు, అమ్ముగూడ, పాతబస్తీ మొహల్లాలు ఆటగాళ్లను ఇచ్చాయి. బూట్లు కొనే స్తోమత లేనివాళ్లే ఎక్కువ. ఉత్త కాళ్లతోనే బంతిని ఆపడం, తిప్పడం, తన్నడం అలవాటైంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడినప్పుడు భారత జట్టులో చాలామంది ఉత్త కాళ్లతోనే దిగారు. ఆ దెబ్బ తర్వాతే దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

ఈ ఆటకు ఒక పద్ధతి తెచ్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, నగరంలోని బడుల్లో పాఠాలు చెప్పాడు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాడు, పోలీస్ టీమ్‌కు శిక్షకుడూ అయ్యాడు. ఊరంతా రహీం సాబ్ అని పిలిచేది. బంతిని కాళ్ల మధ్య దాచుకుని ఒక్కడే అందరినీ దాటుకుపోవాలనుకునే ఆట ఆయనకు గిట్టేది కాదు. అందుకే డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు పెట్టించాడు. బంతి తాకగానే మరొకరికి అందించాలి, లేదంటే ఫౌల్. బలహీనమైన కాలితో మాత్రమే తన్నాలనే నిబంధనతోనూ పోటీలు జరిపించాడు. ఎడమకాలు మొద్దుగా ఉన్న కుర్రాడు అక్కడ ఒక్క సీజన్ ఆడితే రెండు కాళ్లూ పనికొచ్చేవాడు. ఖర్చు లేకుండా, సామగ్రి లేకుండా, కేవలం నిబంధన మార్చి ఆటగాణ్ని మార్చిన పద్ధతి ఇది. ఈనాటికీ ఏ మండల కేంద్రంలోని వ్యాయామ ఉపాధ్యాయుడైనా రేపటినుంచే అమలు చేయగలిగినంత తేలికైనది.

పోలీస్ టీమ్ ఆటలో ఆ పాఠమే కనిపించేది. పొట్టి పాసులు, ఆగకుండా స్థానాలు మారడం, ఎదుటివాడు అలిసిపోయేదాకా బంతిని చేతులు మారినట్టు కాళ్లు మార్చడం. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ వంటివాళ్లు ఈ జట్టు నుంచే దేశపు జట్టుకు వెళ్లారు. 1950 డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించడంతో కలకత్తా పత్రికలు కూడా ఈ ఊరిని గమనించక తప్పలేదు.

రహీం 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు శిక్షకుడై ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సలాం, అహ్మద్ హుస్సేన్ ఉన్నారు, అందరూ హైదరాబాద్ ఆట నుంచి ఎదిగినవాళ్లే. దేశపు జట్టులో ఇంతమంది ఒకే ఊరివాళ్లు కావడం అరుదు. రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58లో హైదరాబాద్ జట్టే గెలుచుకుంది. రెండుసార్లూ ఫైనల్లో ఓడింది బొంబాయి.

చివరి ఘట్టం జకార్తాలో. 1962 సెప్టెంబర్ 4న ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. పి.కె. బెనర్జీ ఒక గోల్, తలకు కుట్లు పడి కూడా ముందు వరుసలో ఆడిన జర్నైల్ సింగ్ మరో గోల్ కొట్టారు. హైదరాబాద్ నుంచి బలరాం, యూసుఫ్ ఖాన్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఆ జట్టులో ఉన్నారు. ఆ రోజు బెంచీ మీద కూర్చున్న రహీం అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు. 1963 జూన్ 11న చనిపోయాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టు మళ్లీ బంగారం గెలవలేదు. 2024లో వచ్చిన హిందీ చిత్రం ‘మైదాన్’ ఆయన పేరును కొత్త తరానికి చేర్చింది. తెలుగువాళ్లలో చాలామందికి అప్పటిదాకా ఆ పేరే తెలియదన్నది బాధాకరమైన నిజం.

పోలీస్ టీమ్ ఎందుకు తగ్గింది

రహీం మరణం ఒక కారణం మాత్రమే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంటే ఆయన పోయాక కూడా ఇక్కడ ఆటగాళ్లకు కొరత లేదు. కొరత వచ్చింది వాళ్లను నిలబెట్టుకోవడంలో.

కలకత్తా పిలిచింది. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్బులకు లక్షల అభిమానులు, టికెట్ల డబ్బు, ఆటగాళ్లకు ఉద్యోగాలు ఇప్పించగల పెద్దలు ఉండేవాళ్లు. 1957లో బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు, ఆ తర్వాత జీవితమంతా బెంగాల్‌లోనే గడిపి 2023 ఫిబ్రవరిలో కలకత్తాలోనే కన్నుమూశాడు. 1960ల నడుమ సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నయీముద్దీన్ నాయకుడు, హబీబ్ ముందువరుస ఆటగాడు. 1977 సెప్టెంబర్‌లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకున్నప్పుడు ఒక గోల్ హబీబ్‌ది. అక్కడి జనం ఆయన్ను బడే మియా అని గుండెల్లో పెట్టుకున్నారు. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా ఈ నగరపు పిల్లలే, పేరు తెచ్చుకుంది కలకత్తాలోనే. ఇక్కడ పంట పండింది, గాదె మాత్రం అక్కడ నిండింది.

కానీ వెళ్లినవాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. పోలీస్ టీమ్ ఆటగాడికి ఇవ్వగలిగింది ఒక కానిస్టేబుల్ ఉద్యోగం, పదోన్నతి. అది చిన్నది కాదు, పేద ఇంటి కుర్రాడికి జీవితకాలపు భద్రత. కలకత్తా దానికి తోడు పేరు, డబ్బు, నిండిన గ్యాలరీలు ఇచ్చింది.

అసలు లోపం పునాదిలో ఉంది. పోలీస్ టీమ్‌కు సభ్యులు లేరు. దాని మేలుకోరేవాళ్లు ఎందరున్నా వాళ్లకు ఆ జట్టులో ఓటు లేదు, వాటా లేదు. పై అధికారికి ఆట మీద ప్రేమ ఉన్నంతకాలం ఆటగాళ్ల భర్తీ జరిగింది. ఆ అధికారి మారినా, ఖాళీలు తగ్గినా, శాఖ ముందు వేరే పనులు నిలిచినా అడిగే నాథుడు లేడు. 1889లో పుట్టిన మోహన్ బగాన్ ఎన్నోసార్లు కింద పడి లేచింది, ఎందుకంటే దాన్ని పడనివ్వని జనం ఉన్నారు. నగర పోలీస్ టీమ్ పడినప్పుడు అది శాఖ అంతర్గత విషయంగానే మిగిలింది.

ఈ రోగం హైదరాబాద్‌ది మాత్రమే కాదు. కేరళ పోలీస్ టీమ్ 1990, 1991లో వరుసగా ఫెడరేషన్ కప్పు గెలిచింది. వి.పి. సత్యన్, ఐ.ఎం. విజయన్ లాంటి మహామహులు ఆడారు. వాళ్లు కలకత్తా వెళ్లాక ఆ జట్టూ మసకబారింది. 1996-97లో మొదటి జాతీయ లీగు గెలిచిన ఫగ్వాడా జె.సి.టి. మిల్స్ జట్టును యాజమాన్యం 2011లో మూసేసింది. బొంబాయి మహీంద్రా యునైటెడ్ అంతకు ఏడాది ముందే మూతపడింది. సంస్థ ఇచ్చిన జట్టును సంస్థే తీసేసుకోగలదు.

1996లో జాతీయ లీగు మొదలవడంతో ఆట తీరే మారింది. ఏడాదికి నాలుగు కప్పులు ఆడి వచ్చే రోజులు పోయి, నెలల తరబడి ఊరూరా తిరిగి ఆడే రోజులు వచ్చాయి. శాఖల జట్లకు అది కుదిరే పని కాదు. తర్వాత క్లబ్బులకు లైసెన్సులు, యువజన జట్లు, లెక్కల తనిఖీలు తప్పనిసరి అయ్యాక ఆ తలుపు పూర్తిగా మూసుకుంది. పోలీస్ టీమ్‌కు పేరు తెచ్చిన రోవర్స్ కప్పు కూడా 2000 తర్వాత ఆగిపోయింది. నగరంలో ఫతే మైదాన్ లాల్ బహదూర్ స్టేడియంగా మారి క్రికెట్‌కు ఇల్లయింది. 1983 ప్రపంచ కప్పు తర్వాత టీవీ ముందు కూర్చున్న పిల్లల చేతికి బ్యాటు రావడం సహజమే. పోలీస్ జట్టు మాత్రం పూర్తిగా అంతరించలేదు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ పోలీస్ పేరుతో బి.ఎన్. మల్లిక్ స్మారక అఖిల భారత పోలీస్ పోటీల వంటి వాటిలో ఆడుతూనే ఉంది. చూసేవాళ్లే లేరు.

జిల్లాలకు చేరని ఆట

ఈ వైభవమంతా ఎంత చిన్న చోట జరిగిందో లక్సెట్టిపేట వంటి ఊరి నుంచి చూస్తే బాగా అర్థమవుతుంది. గోదావరి ఒడ్డున, మంచిర్యాలకు దగ్గరగా, పాత ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ఈ పట్టణం హైదరాబాద్‌కు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. పోలీస్ టీమ్ ఐదు రోవర్స్ కప్పులు తెచ్చినప్పుడు ఈ ఊరూ హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. కానీ ఆ జట్టులో పేరున్న ఆటగాళ్లలో కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలవాళ్లు పెద్దగా కనిపించరు. నగరం చుట్టూ పాతిక కిలోమీటర్లలో పుట్టిన ఆట అక్కడే పెరిగింది, అక్కడే తగ్గింది.

ఈ ప్రాంతంలో కబడ్డీ గీతలు, వాలీబాల్ నెట్లు కనిపించినంతగా గోల్‌పోస్టులు కనిపించవు. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం బొగ్గు పట్టణాల్లో సింగరేణి సంస్థ తన కార్మికుల కోసం మైదానాలు, ఏటా క్రీడాపోటీలు నడుపుతోంది. ఆ మైదానాలు ఉన్న చోట పిల్లలకు ఆడే అవకాశం ఉంది. కాని అక్కడినుంచి జిల్లా లీగుకు, జిల్లా లీగు నుంచి నగర క్లబ్బుకు తీసుకుపోయే మెట్లు ఎన్నడూ కట్టలేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ తన గొప్ప రోజుల్లో చేయకుండా వదిలేసిన అతి పెద్ద పని ఇదే. రహీం పద్ధతి జిల్లా బడులకు చేరి ఉంటే, నగరం నుంచి పదిమంది కలకత్తా వెళ్లినా వాళ్ల వెనక ఇరవైమంది వచ్చేవాళ్లు.

కొత్త క్లబ్బు, పాత కథ

2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైనప్పుడు అందులో తెలుగు నగరమేదీ లేదు. 2019 ఆగస్టులో ఎఫ్.సి. పుణె సిటీ స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని యజమానులు, గచ్చిబౌలి బాలయోగి స్టేడియం హోమ్ గ్రౌండ్. మొదటి సీజన్‌లో పది జట్లలో ఆఖరి స్థానం. తర్వాత స్పెయిన్ నుంచి వచ్చిన మనోలో మార్కెజ్ కుర్రవాళ్ల మీద నమ్మకముంచి జట్టును కట్టాడు.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్ స్కోరును 1-1 చేసింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. హాలిచరణ్ నర్జారీ చివరి పెనాల్టీతో కప్పు హైదరాబాద్‌ది అయింది. నైజీరియా ఆటగాడు ఒగ్బెచె ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి అందరికన్నా ముందు నిలిచాడు. కోవిడ్ కారణంగా ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. కప్పు గెలిచిన సీజన్‌లో హైదరాబాద్ ఎఫ్.సి. హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఊరికీ జట్టుకూ మధ్య బంధం అల్లుకోవాల్సిన అదను అలా చేజారింది.

తర్వాతి సీజన్‌లో లీగ్ పట్టికలో రెండో స్థానం. ఆపై కూలడం మొదలైంది. 2023-24లో జీతాలు సకాలంలో అందలేదు, పాత బకాయిలపై ఫిఫా కొత్త ఆటగాళ్ల నమోదును నిషేధించింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రవాళ్లు కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో వెంట నిలబడి 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచారు. ఆ ఒక్క విజయం కోసం ఆ పిల్లలు పడ్డ కష్టానికి ఏ కప్పూ సరితూగదు. 2024లో బి.సి. జిందాల్ గ్రూప్ క్లబ్బును తీసుకుంది. 2024-25లో 13 జట్లలో 12వ స్థానం. 2025 అక్టోబర్‌లో యాజమాన్యం క్లబ్బును దేశ రాజధానికి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చింది. మూడున్నరేళ్ల ముందు దేశ ఛాంపియన్ అయిన నగరానికి ఆ లీగ్‌లో జట్టే లేకుండా పోయింది.

పోలీస్ టీమ్ శాఖది, హైదరాబాద్ ఎఫ్.సి. పెట్టుబడిదారులది. ఒకటి మెల్లగా మసకబారింది, మరొకటి ఆరేళ్లలో ఊరు మారింది. రెండు సందర్భాల్లోనూ నగరంలోని అభిమానిని ఎవరూ సంప్రదించలేదు, సంప్రదించాల్సిన నిబంధనా లేదు.

ఇంగ్లండ్‌లో ఇలాంటిదే జరిగినప్పుడు జనం ఊరుకోలేదు. వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించేందుకు 2002లో అనుమతి దొరకగానే అభిమానులు సొంతంగా ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ పెట్టారు. కింది స్థాయి లీగు నుంచి ఎక్కుతూ 2011లో ఫుట్‌బాల్ లీగ్ చేరారు. జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. అక్కడ యజమాని తన ఇష్టం వచ్చినట్టు జట్టును మూటకట్టుకుని పోలేడు. మనదగ్గర అలాంటి నియమం లేదు. కనీసం రాష్ట్ర సంఘం స్థాయిలోనైనా అభిమానుల ప్రాతినిధ్యం ఉండాలని అడగడం అత్యాశ కాదు.

ఇప్పుడున్నది

నగరంలో ఇప్పుడు చెప్పుకోదగ్గ క్లబ్బు శ్రీనిధి డెక్కన్. 2015లో విశాఖపట్నంలో మొదలై, తర్వాత హైదరాబాద్ శివార్లలోని అజీజ్‌నగర్‌లో సొంత మైదానం, డెక్కన్ అరీనా, ఏర్పాటు చేసుకుంది. 2021-22లో ఐ-లీగ్‌లో అడుగుపెట్టి, 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. పై లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌కు ఎక్కే అర్హత మొదటిసారి రౌండ్‌గ్లాస్ పంజాబ్‌కు, రెండోసారి మహమ్మదన్ స్పోర్టింగ్‌కు దక్కింది. సొంత మైదానం ఉండటం చిన్న విషయం కాదు, పోలీస్ టీమ్‌కూ హైదరాబాద్ ఎఫ్.సి.కీ లేనిది అదే.

పై లీగు పరిస్థితే 2025లో నిలకడ తప్పింది. లీగును నడిపిన సంస్థకూ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ మధ్య ఉన్న 15 ఏళ్ల ఒప్పందం 2025 డిసెంబర్‌తో ముగిసింది. దాంతో 2025-26 సీజన్ సకాలంలో మొదలు కాలేదు. ఇలాంటప్పుడు కొత్తగా డబ్బు పెట్టి హైదరాబాద్‌కు మరో జట్టు తెచ్చే ధైర్యం ఎవరికి ఉంటుందన్నది తేలని ప్రశ్న.

మైదానాలు మాత్రం పనిలో ఉన్నాయి. 2024 సెప్టెంబర్‌లో గచ్చిబౌలిలో భారత్, సిరియా, మారిషస్ జట్ల ఇంటర్‌కాంటినెంటల్ కప్పు జరిగింది. అదే ఏడాది డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ చివరి దశ హైదరాబాద్‌లోనే జరిగి, డిసెంబర్ 31 రాత్రి ఫైనల్లో బెంగాల్ 1-0తో కేరళను ఓడించింది.

ఆట జిల్లాల్లో పండుతుందనడానికి నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య ఒక్కతే చాలు.  2001లో పుట్టిన ఆమె గోకులం కేరళకు ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు వెళ్లింది, తర్వాత ఈస్ట్ బెంగాల్ ముందువరుసలో చేరి 2024-25 మహిళల జాతీయ లీగు గెలిచింది. ఆ ఏడాది దేశపు ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా సమాఖ్య ఆమెనే ఎంపిక చేసింది. 2025 జూలైలో థాయిలాండ్‌లో ఆడి ఆసియా కప్పుకు అర్హత సాధించిన భారత జట్టులోనూ ఆమె ఉంది. ఆరు దశాబ్దాల కింద హబీబ్ ఎక్కిన కలకత్తా రైలే ఆమెకూ మిగిలింది. ఆమె ఛాంపియన్ అయిన ఆ లీగులోని ఎనిమిది జట్లలో తెలుగు రాష్ట్రాల జట్టు ఒక్కటీ లేదు.